దొర సినిమాలో మా నాయన

ఆ వారం మా ఆదోనికి రావాల్సింది కత్తుల సినిమా. గుర్రాలు, ఒక మాంత్రికుడు, ముగ్గురు రాకుమార్తెలు. ఆ పెట్టెను గుంతకల్లులోనే ఎవరో దింపుకొని, దాని బదులు ఇంకో పెట్టెను మాకు రైలెక్కించినారు. మూత తీసి చూస్తే ఇంగ్లీషు సినిమా. పెద్ద యుద్ధం జరిగేటప్పుడు బిలాతును ఏలిన ప్రధానమంత్రి జీవిత చరిత్ర. పోస్టరు మీద ఆయప్ప ఒక్కడే ఉన్నాడు. బోడితల, బూరె మాదిరి మొగం, నోట్లో రోకలంత సుట్ట. పక్కన ఆడమనిషి నీడ గూడ లేదు.

థియేటరు ఓనరు ఆ పోస్టరును కిందికీ మీదికీ చూసి నా పక్కకు తిరిగినాడు.

"ఏమప్పా, ఈ దొరను అమ్మగలవా?"

"దొరలు మనల్ని రెండు నూర్ల యేండ్లు అమ్ముకున్నారు గదన్నా. వారం దినాలు మనం అమ్ముకుంటే పాపమేం లేదులే."

అమ్మడమే నా పని. జట్కాకు రెండు పక్కలా పోస్టర్లు కట్టి, నడుమ నేను మైకు పట్టుకొని కూచోని, ఊరంతా తిరిగి సినిమా వచ్చిందని అరిచేది. దూదేకులోళ్ళ ఇంట్లో పుట్టి, దూది ఏకే విల్లు వదిలేసి నోటిని నమ్ముకున్నోణ్ణి. సదువు ఐదో తరగతి కాడ నిలిచిపాయ. ఒక పొద్దు అయ్యవారు పిల్లోళ్ళను ఒక్కొక్కర్నే నిలబెట్టి "మీ నాయన ఏం పని చేస్తాడు?" అని అడుగుతా వచ్చినాడు. నా వంతు వచ్చింది. "ఇంటికి రాకుండా ఉంటాడు సార్" అన్నాను. తరగతంతా పగలబడి నవ్వింది. అయ్యవారు బెత్తం తీసినాడు, నేను సంచి తీసుకున్నాను. మళ్ళీ పోలేదు. కానీ ఒక సంగతి నేర్చుకొనే బయటికొచ్చినాను: మనమే ముందు నవ్విస్తే, ఇంక మనల్ని చూసి నవ్వేదానికి ఎదుటోళ్ళకు సందు ఉండదు.

మా నాయన పోయింది ఆ దొర చేసిన యుద్ధానికే. అప్పుడు మాది బళ్ళారి జిల్లా. బళ్ళారిలో సిపాయిలను చేర్చుకుంటాండారని విని, ఇంట్లో చెప్పీ చెప్పక రైలెక్కినాడంట. నేను అప్పటికి మా యమ్మ కడుపులో ఉన్నాను. పూనా నుంచి ఒక కార్డు వచ్చింది. అంతే. చచ్చిపోయినాడని సర్కారు కాయితమూ రాలేదు, బతికే ఉండానని ఆయన కాయితమూ రాలేదు. ఫోటో అన్నా లేదు. మా యమ్మ బొంతలు కుట్టి, పరుపులకు దూది నింపి నన్ను సాకింది.

యుద్ధం అయిపోయినాక, బొంబాయికి దూది బేళ్ళు తోలే ఒకాయన, ఆడ ఒక మిల్లు వాకిట్లో మా నాయనను చూసినానని చెప్పినాడంట. పక్కన ఒక ఆడమనిషి, సంకలో బిడ్డ. చెప్పినాయన చచ్చి యాడ ఉన్నాడో గానీ ఆ మాట మాత్రం మా గేరి ఇండ్లలో చావలేదు. కొళాయి కాడ జగడం ముదిరితే చాలు, "మొగుణ్ణి బొంబాయికి ఇచ్చుకున్నదానివి, నీకేమే ఇంత నోరు" అనేటోళ్ళు. మా యమ్మ బిందె నింపుకొని మాట్లాడకుండా ఇంటికొచ్చేది. మెడలో నల్లపూసలు మాత్రం తీయలేదు.

మా దూదేకులోళ్ళలో షబ్బేబరాతు పెద్దల పండగ. హల్వా, రొట్టెలు చేసి, ఊదు వేసి, ముల్లాసాబును పిలిపించి, పోయినోళ్ళ పేర్ల మీద ఫాతెహా చదివిస్తాము. పేర్లు ఇంటి మగోడు చెప్పల్ల. మా యింట్లో మగోడు అంటే నేనే, నాకు ఏడేండ్లప్పటినుంచీ. తాత, అవ్వ, ఇద్దరు చిన్నాయనలు, పురిట్లో పోయిన మేనత్త. ఆ పేరు అయినాక ముల్లాసాబు కొంచెంసేపు నా మొగం చూస్తాడు. నేను లోపలి తలుపు పక్కకు చూస్తాను. తలుపు వెనకనుంచి మా యమ్మ "అంతే" అంటుంది. ఆయన చదివేది మొదలుపెడతాడు. ముప్పై యేండ్లకు పైగా మా నాయన పోయినోళ్ళలో లేడు, ఉండేటోళ్ళలో లేడు. ఆ తలుపుసందులో నిలబడి ఉన్నాడు.

సరే, జట్కా ఎక్కినాను. మొదటి రెండు బజార్లలో ఉన్నది ఉన్నట్టే అరిచినాను. "రండి, చూడండి! పాటలు లేవు, ఏడుపులు లేవు, అత్తాకోడండ్ల జగడాలు లేవు! మూడు గంటలసేపు ఒకే దొర, ఒకే సుట్ట! చూసేటోళ్ళకు దగ్గు ఉచితం!" నవ్వినారు. నవ్వినోడు టికెట్టు కొనడని నాకు తెలుసు. జిన్నింగు మిల్లు ముందర కూచున్న ఒకాయన, "సుట్ట తాగేది మా నాయన ఇంట్లోనే సూపిస్తాడు, పోపో" అన్నాడు.

నాకు రోషమొచ్చింది. యుద్ధం సినిమా గదా, యుద్ధాన్నే అమ్ముదామనుకున్నాను. "ఆ యుద్ధానికి మనోళ్ళు పోలేదా? ఆదోనినుంచి, ఆస్పరినుంచి, హాలహర్వినుంచి పోయిన మన సిపాయిలు! వాళ్ళను ఉన్నది ఉన్నట్టు తెర మీద చూపించినారు! రండి, మీ తాతను, మీ నాయనను మీరే గుర్తుపట్టుకోండి!"

సినిమా నేను చూడలేదు. పోస్టరు తప్ప ఏమీ తెలీదు. కానీ ఆ మాట అన్నాక జట్కా వెనక మనుషులు నడిచినారు. దారిలో ఒక ముసలాయన నెత్తిమీది మూట దింపి, "ఎన్ని గంటలకప్పా?" అని అడిగినాడు. గొంతు ఇంకా పెంచినాను. జట్కా గుర్రానికి అలవాటైన దారి మా గేరిలోనుంచి పోతాది. పోయింది. నేను అరుస్తానే ఉన్నాను.

మధ్యాన్నం కూటికి ఇంటికి పోతే, మా యమ్మ రొట్టె పెట్టి ఎదురుగా కూచుంది.

"మైకులో అరిసింది నువ్వేనా?"

"ఇంత తేనె మాదిరి గొంతు ఊర్లో ఇంకెవరికి ఉంది మా?"

"మన సిపాయిలను సూపిస్తారంటివే."

"సూపిస్తారు మా" అన్నాను, నోట్లో రొట్టె పెట్టుకొని.

"అయితే రేపు నేనూ వస్తా."

నేను థియేటర్లో చేరి అప్పటికి పద్నాలుగేండ్లు. మా యమ్మ ఒక్కరోజు గేటు దాటి లోపలికి రాలేదు. బతిమాలితే, "గోడ మీద నీడలు సూసేదానికి నా కండ్లు అరగదీసుకోల్నా" అనేది. అట్లాంటి మనిషి లేచి ట్రంకు పెట్టె మూత తీసింది. చేయి గూడ కడుక్కోకుండా థియేటరుకు పరిగెత్తినాను.

ఆపరేటరు పత్తికొండాయన. మాటలు తక్కువ మనిషి. పొద్దున్నుంచి రీళ్ళు వేసి సరిచూసుకుంటాండాడు.

"అన్నా, ఇందులో మన సిపాయిలు యాడ వస్తారు?"

"సిపాయిలా?" అని నవ్వినాడు. "పద్నాలుగు రీళ్ళు సూసినా. ఈ దొర కుర్చీలోనుంచి లేస్తే ఒట్టు. యుద్ధమంతా పక్క గదిలో జరుగుతాది. ఈయప్ప ఈ గదిలో సుట్ట ముట్టిస్తాడు."

"రేపు మా యమ్మ వస్తాదంట."

ఆయన నవ్వు ఆపినాడు. మా నాయన కథ ఆదోనిలో తెలియనోళ్ళు లేరు. కొంచెంసేపు గడ్డం గీరుకొని, అలమరలోనుంచి ఒక చిన్న రీలు తీసినాడు. సర్కారోళ్ళ వార్తల రీలు. ప్రతి సినిమాకు ముందు అది వేయకపోతే లైసెన్సు ఊడుతాది. కరువు పనులు, మంత్రులు రిబ్బన్లు కత్తిరించేది, అవే మార్చి మార్చి వస్తాయి. ఆ రీల్లో, కొన్నేండ్ల కిందట మన సరిహద్దులో జరిగిన యుద్ధానికి పోయే సిపాయిలు రైలెక్కే తునక ఒకటుంది.

"తొమ్మిదో రీల్లో దొర కిటికీలోనుంచి బయటికి సూస్తాడు. ఆడ అతికిస్తా. కిటికీ బయట మనోళ్ళు పోతాండారనుకుంటారు."

"దొర రంగుల్లో ఉండాడు, సిపాయిలు నలుపు తెలుపు గదన్నా. ఎవరన్నా అడిగితే?"

"లండన్లో ఎండ తక్కువని సెప్పు. అరిసిందానికి ఆ మాత్రం సెప్పలేవా?"

మరుసటి రోజు పొద్దుటాటకు ఎన్నడూ లేని జనం వచ్చినారు. అంతా ముసలోళ్ళే. చేతికర్రలు, తలపాగాలు, సద్దిమూటలు. ఆస్పరినుంచి ఒకాయన పాత కోటుకు బిళ్ళ తగిలించుకొని వచ్చినాడు. ఆ యుద్ధంలో బర్మాకు పోయి, రెండు వేళ్ళు ఆడ వదిలేసి వచ్చిన సిపాయి. మా యమ్మ ఆకుపచ్చ చీర కట్టుకొని, నాకు పది అడుగుల వెనకగా నడిచి వచ్చి, ఆడోళ్ళ పక్క బెంచీ మీద కూచుంది. నేను ఆడోళ్ళ వాకిలి పరదా కాడ నిలబడినాను.

దొర మాట్లాడినాడు. కూచోని మాట్లాడినాడు, వంగి మాట్లాడినాడు, పడకలో పండుకొని మాట్లాడినాడు. ఒక్క ముక్క ఎవరికీ తెలీలేదు. అయినా ఒక్కరూ లేచి పోలేదు. మామూలుగా అయితే ఈపాటికి ఈలలు వేసి తెర చించేటోళ్ళు. మధ్యలో నేల టికెట్టు కాడనుంచి ఒక ముసలాయన అరిచినాడు.

"ఒరే మైకోడా, మనోళ్ళు యాడ రా?"

"వస్తాండారు తాతా. ఓడలో ఉండారు, దరికి రావల్ల గదా."

నవ్వినారు. మా యమ్మ నవ్వలేదు. రెప్ప వేస్తే తప్పిపోతాదేమోనని తెరనే చూస్తాంది.

తొమ్మిదో రీలు. దొర కిటికీ కాడికి పోయినాడు. తెర నలుపు తెలుపు అయింది. వార్తలు చదివే మనిషి గొంతు వినిపిస్తే గుట్టు బయటపడతాదని ఆపరేటరు శబ్దం కట్టేసినాడు. చెవుడు వచ్చినట్టు హాలంతా మూగబోయింది. భుజాల మీద తుపాకులు, పరుపుచుట్టలు వేసుకొని పిల్లోళ్ళు వరసగా నడుస్తాండారు. ఒక్కొక్కడే రైలెక్కుతాండాడు. మెట్ల మీద ఒకడు ఆగి, వెనక్కి తిరిగి, మనల్ని చూసి నవ్వినాడు. లోపలికి పోయినాడు. గట్టిగా ఇరవై లెక్కపెట్టేలోపల అయిపోయింది.

ఆ నిశ్శబ్దంలో మా యమ్మ గొంతు వినిపించింది. గట్టిగా అనలేదు. పక్కనుండే మనిషికి చెప్పినట్టు అనింది.

"అదిగో. ఆయప్పే."

మళ్ళీ రంగులు వచ్చినాయి. దొర సుట్ట ముట్టించినాడు.

ఆట వదిలినాక, ఆస్పరి సిపాయి నా కాడికి వచ్చి మూడువేళ్ళ చెయ్యి భుజం మీద వేసినాడు. నా పానం పోయింది.

"మా కాలంలో ఆ తుపాకులు లేవప్పా."

ఆయన మా యమ్మ పక్కకు చూసినాడు. గేటు కాడ ఆమె చుట్టూ నలుగురు ఆడోళ్ళు చేరినారు.

"సూసుకోనీలే" అని చెప్పి, చేతికర్ర తాటించుకుంటా బస్టాండు పక్కకు పోయినాడు.

ఇంటికి పోయే దారిలో చెప్పేద్దామనుకున్నాను. నాకు ఏదన్నా ఎగతాళిగా తప్ప చెప్పే అలవాటు లేదు. అట్లనే మొదలుపెట్టినాను.

"మా, తెర మీద నవ్వినోడు నిన్నమొన్నటి పిల్లోడు మా. మూతిమీద మీసం గూడ సరిగ్గా మొలవలేదు."

"మీ నాయన పోయేటప్పుడు ఆయనకూ మొలవలేదు రా."

"నాయనలో పోలిక ఏం కనిపించింది నీకు?"

మా యమ్మ నడక ఆపింది. పదేండ్లు చిన్నదైనట్టు ఉంది మొగం.

"పోలికలు కాదు రా. పోయినాడు. సూస్తివి గదా, అందరితో పాటు రైలెక్కి యుద్ధానికే పోయినాడు. బొంబాయికి పోలేదు. ముప్పై యేండ్లు ఆ మాటను నేనూ సగం నమ్మినా. యుద్ధం పేరు చెప్పి నన్ను ఇడిసిపెట్టినాడనుకున్నా. తప్పు నాది." కొంగుతో మొగం తుడుచుకుంది. "ఈ యేడు పెద్దల పండక్కు ఆయన పేరు గూడ చదివిద్దాం."

నోరు తెరిచినాను. ఏమీ రాలేదు. నా నోరు నన్ను మోసం చేయడం అదే మొదటిసారి.

ఆ సినిమా ఒకే పెట్టెతో రెండు ఊర్లలో ఆడింది. పొద్దుటాట ఆదోనిలో అయితానే రీళ్ళను పెట్టెలో సర్దుకొని, బస్సు మీద వేసుకొని నేను ఎమ్మిగనూరు పోవల్ల. సాయంత్రం ఆట ఆ ఊర్లో. ఎమ్మిగనూరులో దొరను ఎవరూ లెక్కచేయలేదు. పొద్దంతా మగ్గం గుంతలో కూచునే నేతోళ్ళకు, ఇంకొకడు కూచోని ఉండేది చూసే ఖర్మేమి? హాల్లో నలుగురైదుగురు, ఎండకు తాళలేక నీడకు వచ్చినోళ్ళు, మూడో రీలుకే గురకలు పెట్టేటోళ్ళు. ఆ ఊరి ఆపరేటరుకు గూడ మావాడు చెప్పి పంపినాడు, తొమ్మిదో రీల్లో శబ్దం కట్టేయమని.

పెట్టె అప్పజెప్పి నేను టీ తాగేదానికి పోవచ్చు. పోలేదు. ఐదు సాయంత్రాలు నేలలో ముందుకు పోయి ఒక్కణ్ణే కూచున్నాను. దొర కిటికీ కాడికి ఎప్పుడు పోతాడా అని ఎదురుచూసేది. ఆ పిల్లోడు మెట్ల మీద ఆగి నవ్వుతాడు, లోపలికి పోతాడు. నాకు అప్పటికి ముప్పై మూడేండ్లు. తెర మీద మా నాయనకు ఇరవై. తమ్ముడా అని పిలవాల్సినోణ్ణి నాయనా అని పిలవల్ల. వాని చెవులు నా చెవుల మాదిరి ఉండాయా అని చూసుకున్నాను. లేవు. నా చెవులు చేటలు. అయినా నాలుగో రోజు, గురక పెట్టేటోళ్ళు తప్ప ఎవరూ లేరని నమ్మకం చేసుకొని, "నాయనా" అని మెల్లగా అని చూసినాను. ఆ మాట నేను ఎవర్నీ అని ఎరగను. కొత్త చెప్పు మాదిరి కరిచింది.

ఆ పిల్లోడు గూడ ఏ తల్లికో కొడుకు గదా. ఆ సరిహద్దునుంచి తిరిగొచ్చినాడో లేదో. వచ్చింటే ఆ యాళకు యాడనో పెండ్లాం బిడ్డలతో రొట్టె తింటా ఉంటాడు. మేమేమో ఈడ అతనికి ఊదు వేసేదానికి సిద్ధమవుతాండాము.

వారం అయిపోయింది. ఆపరేటరు ఆ తునక ఊడబెరికి, మళ్ళీ వార్తల రీలుకు అతికించినాడు. ఒక్క బొమ్మ కత్తిరించి ఇమ్మని అడిగినాను. "సర్కారు సొత్తప్పా, లెక్క తప్పితే నా మెడకు సుట్టుకుంటాది" అన్నాడు. పెట్టె బళ్ళారి పక్కకు పోయింది. వార్తల రీలు యాడికి పోయిందో తెలీదు.

పండక్కు ఇంకా ఇరవై దినాలుంది. ప్రతి పొద్దూ చెప్పాలనే లేచేది. కానీ మా యమ్మ కొళాయి కాడ నోరు తెరిచేది మొదలుపెట్టింది. ఒకామె పాత మాట ఎత్తబోతే, "నా మొగుడు యుద్ధానికి పోయి ఆడనే పోయినాడు. ఊరంతా తెర మీద సూసింది. నీ మొగుడు యాడికి పోయినాడే, సారాయి అంగడికి తప్ప?" అనిందంట. ఆమె బిందె వదిలేసి పోయిందంట. మా యమ్మే ఇంటికొచ్చి చెప్పి, నడుం పట్టుకొని నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు వినలేదు. ఊర్లో అందర్నీ నవ్వించినోణ్ణి, ఇంట్లో ఒక్కసారి గూడ ఆ పని చేయలేకపోయినాను. నిజం చెప్తే ఏమైతాది? బొంబాయి ఆడమనిషి బిడ్డను ఎత్తుకొని మళ్ళీ మా యింటికొస్తాది. చెప్పకపోతే నా చేతులతో నేనే మా నాయనను పూడ్చిపెట్టినట్టు.

పండగ వచ్చింది. మధ్యాన్నం నమాజు అయినాక ముల్లాసాబు వచ్చి చాప మీద కూచున్నాడు. హల్వా, రొట్టెలు ముందర పెట్టినాము. ఊదు వేసినాము. పేర్లు చెప్పమన్నాడు. తాత, అవ్వ, ఇద్దరు చిన్నాయనలు, మేనత్త. ఆయన అలవాటు ప్రకారం నా మొగం చూసినాడు. నేను తలుపు పక్కకు చూసినాను.

తలుపు వెనకనుంచి ఏ మాటా రాలేదు. గాజులు గూడ కదల్లేదు.

అప్పుడు అర్థమైంది నాకు, ఇన్నేండ్లు ఆ "అంతే" కోసం కాచుకున్నది ముల్లాసాబు కాదు, నేను. మా యమ్మకు బొంబాయి అంటే గుండెలో ముల్లు. నాకు అట్ల కాదు. బొంబాయి మెయిలు ఆదోని స్టేషన్లో ఆగినప్పుడల్లా, సినిమా పెట్టె కోసమని పోయి, దిగే ముసలోళ్ళ మొగాలు చూసి వచ్చేవాణ్ణి. ఇంకొకామెతో ఉంటే ఉండనీ, నాకు తమ్ముళ్ళు చెల్లెండ్లు ఉంటే ఉండనీ, యాడనో ఒక చోట బతికుంటే చాలనుకున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పింటే మా యమ్మ నన్ను క్షమించేది కాదు.

నాయన పేరు చెప్పినాను.

"గట్టిగా సెప్పప్పా, వినపడలేదు" అన్నాడు ముల్లాసాబు. మైకు లేకుండానే రెండు బజార్లకు వినిపించే గొంతు నాది.

ఇంకోసారి, గట్టిగా చెప్పినాను. లోపల మా యమ్మ ఒక్కసారి పొడుగ్గా ఊపిరి వదిలింది. ముల్లాసాబు రెండు చేతులూ ఎత్తి చదివేది మొదలుపెట్టినాడు. నేనూ చేతులెత్తినాను. ఆమీన్ అన్నాను.

తర్వాత రొట్టెలు పంచేదానికి గేరిలోకి పోయినాము. మా యమ్మ ముందర, తట్ట పట్టుకొని నేను వెనక. ఆమె మెడ బోసిగా ఉంది. నల్లపూసలు ఎప్పుడు తీసిందో నేను చూడలేదు. మొదటి ఇంటామె రొట్టె అందుకుంటా, "ఎవరి పేరు మీద అక్కా?" అని అడిగింది.

"మా యింటాయన పేరు మీద" అనింది మా యమ్మ, తల పైకెత్తి.

ఆమె కండ్లకద్దుకొని రొట్టె తీసుకుంది. మేము పక్కింటికి పోయినాము.